కల్వర్టు మలుపు దగ్గర రెండో గేరు

జనవరి 12

చిరంజీవి పానాకు,

ఆశీస్సులు. మీ అక్క మోకాలు, నా నడుము, బండి ఇంజను, ఈ మూడూ తప్పిస్తే ఇక్కడ అంతా కులాసా. మొదటి రెండింటికీ నీ దగ్గర మందు లేదు కాబట్టి మూడోదాని గురించే రాస్తున్నాను.

బండికి లాగుడు తగ్గింది. చదును మీద మామూలుగానే పోతుంది, కొండెక్కేటప్పుడే ఏడిపిస్తోంది. పొద్దున్నే ముగ్గురు నర్సుల్నీ, ఆసుపత్రి వంటింట్లో పనిచేసే మీ అక్కనీ ఎక్కించుకుని బయలుదేరతాను. కల్వర్టు మలుపు వచ్చేసరికి బండి ఒళ్ళంతా వణుకుతుంది. ఇదివరకు ఆ మలుపు దగ్గర ఇంజను తనంతట తనే మూలిగేది. ఆ మూలుగు మొదలవగానే మూడో గేరులోంచి రెండో గేరులోకి వేసేవాణ్ణి. ఇన్నేళ్ళూ మా ఇద్దరికీ అదే ఒప్పందం. ఇప్పుడు బండి అడగడం మానేసింది. ఉలకదు, పలకదు, ఉన్నట్టుండి ఉసూరుమంటూ కూలబడుతుంది. నిన్న నడిమలుపులో ఆగిపోతే నర్సులు దిగి తొయ్యాల్సి వచ్చింది.

ఇక్కడి మెకానిక్కు చూశాడు. ప్లగ్గులు మార్చాడు, తనే కొండదాకా నడిపి చూశాడు, బండికి ఏ రోగమూ లేదని చెప్పి నావైపు అదోలా చూశాడు. వాడికి వయసు తక్కువ, నమ్మకం ఎక్కువ.

సూపరింటెండెంటమ్మ పిలిచి చెప్పింది. మా నర్సులు ఆలస్యమైతే రాత్రి డ్యూటీ వాళ్ళు ఇళ్ళకు కదల్లేరట. ఏప్రిల్‌లో కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. వ్యాను అతనొకడు ఇప్పటికే ఆఫీసు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. ఈ ట్రిప్పు పోతే నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. అది నాకు చేతకాదని నీకు తెలుసు.

నువ్వు అక్కడ కుర్రాళ్ళ కార్లకు గాలి పైపులేవో బిగించి బలం పెంచుతావట కదా. నా బండికీ ఒకటి చూడు. ఫోను చెయ్యకు. దాంట్లో ఏ మాటా తిన్నగా రాదు, అంతా గరగర. ఉత్తరమే రాయి.

నీ బావ

*

జనవరి 24

సారథిగారైన మా బావకు,

నమస్కారం. నీ ఉత్తరం వర్క్‌షాపు అడ్రసుకు వచ్చింది. మా మేనేజరు కవరు మీద నూనె చేతుల గుర్తులు చూసి, మీ ఇంట్లో అందరూ మెకానిక్కులేనా అని అడిగాడు. ఒకడు రిపేరు చేస్తాడు, ఒకడు పాడుచేస్తాడు అని చెప్పాను.

ముందు ఒక మాట. ఫోనులో గరగర అని రాశావు. మొన్న నేను చేసినప్పుడు నాకు నీ గొంతు గంటలా వినపడింది. అక్క మోకాలు ఎలా ఉందని అడిగితే "ఆ, ఇప్పుడే తిన్నాం" అని పెట్టేశావు. అంతకు ముందూ అంతే. నాకు అర్థమైందిలే. పోయిన ఏడాది నీకు విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో పడుకుంటే నేను రాలేదు. సెలవు ఇవ్వలేదని చెప్పాను, నిజంగానే ఇవ్వలేదు. నీకు కోపం ఉంటే నాలుగు తిట్టు. పడతాను. ఇలా ఫోను పెట్టేస్తే మాత్రం బాధేస్తుంది.

ఇక బండి సంగతి. నీ బండిలో ఇంజనుకు గాలి ఒక మూసిన డబ్బాలోంచి వెళ్తుంది. డబ్బాకు మూతి సన్నం. ఫిల్టరు దాని లోపల ఉంటుంది. కుర్రాళ్ళు ఏం చేస్తారంటే ఆ డబ్బా పీకేసి, పెద్ద మూతి ఉన్న ఫిల్టరు నేరుగా పెట్టిస్తారు. ఇంజను గాలి ధారాళంగా పీలుస్తుంది. అయితే ఇంటి మనిషివి కాబట్టి నిజం చెప్తున్నాను. దీంతో బలం పెరిగేది కొంచెం, చప్పుడు పెరిగేది బోలెడు. ఆ మూసిన డబ్బా గాలి చప్పుడును మింగేస్తుంది, అందుకే కంపెనీవాళ్ళు దాన్ని పెట్టారు. మా దగ్గరకొచ్చే కుర్రాళ్ళకు కావలసింది ఆ చప్పుడే. బలం పెరిగిందని వాళ్ళు నమ్ముతారు, నేను తలూపుతాను. పొద్దస్తమానం ఇదే పని. అలసిపోయాను బావా.

నువ్వు ముందు క్లచ్చు జారుతోందేమో, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూపించు. అవి బాగుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

పానా

*

ఫిబ్రవరి 6

చి. పానాకు,

ఆశీస్సులు. క్లచ్చు బాగుంది. బ్రేకులు బాగున్నాయి. ఆ పిల్ల మెకానిక్కు మళ్ళీ అదోలా చూశాడు. ఈసారి నేనూ అలాగే చూశాను.

నాకు నీమీద కోపమేమిట్రా. నువ్వు వచ్చి మాత్రం ఏం చేసేవాడివి, జ్వరం నీ పానాకు దిగుతుందా? ఆ మాట మళ్ళీ ఎత్తకు.

ఆ ఫిల్టరు పంపించు. చప్పుడు ఎంత పెరిగినా ఫర్వాలేదు. ఇంకా పెద్ద చప్పుడు చేసేది ఉంటే అదే పంపించు. ముసలి బండి కదా, కాస్త దాని గొంతు లేస్తే దానికీ హుషారుగా ఉంటుంది.

ఈమధ్య పొద్దున్నే లేవడం కష్టంగా ఉంది. పని కష్టమై కాదు. కల్వర్టు మలుపు తలుచుకుంటే లేవబుద్ధి కాదు. ఇన్నేళ్ళలో ఏ రోడ్డూ నన్ను ఇలా భయపెట్టలేదు. ఇది మీ అక్కకు చెప్పలేదు. ఈ కాగితం మడిచే ముందు ఆవిడ కింద ఏదో రాస్తానంటోంది, అందుకే ఈ పేరా పైకి కనపడకుండా చేత్తో మూసి ఇస్తున్నాను.

నీ బావ

తమ్ముడూ, మూసి ఇచ్చాడు సరే, నేను ఆ చెయ్యి ఎత్తి చదివాను. భయపడుతున్నాడని నాకు ముందే తెలుసు, స్టీరింగు పట్టుకునే తీరులోనే తెలుస్తుంది. కానీ నీమీద కోపం లేదన్నది ఒట్టి మాట. ఆ కోపం నామీద తీరుస్తున్నాడు. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. ఎదురుగా వచ్చి అడిగితేనే జవాబు. కొన్నిసార్లు అదీ అడ్డదిడ్డంగా చెప్తాడు. ఇన్నేళ్ళు కాపురం చేశాక ఈ మూగనోము ఏమిటో. వీలైతే ఒకసారి వచ్చి వెళ్ళు. మోకాలు అలాగే ఉంది. అక్క.

*

ఫిబ్రవరి 20

బావకు,

నమస్కారం. పార్శిలు పంపాను. అందులో ఫిల్టరు, వంగే నల్లటి పైపు, బిగించే పట్టీలు ఉన్నాయి. ఆ పిల్ల మెకానిక్కును పక్కన పెట్టుకుని బిగించు, నీ పంతం ఒక్కరోజు ఇంట్లో వదిలెయ్యి.

జాగ్రత్తగా చదువు. ఫిల్టరు కంటే ఆ నల్ల పైపు ముఖ్యం. దాని ఒక మూతి ఫిల్టరు దగ్గర, ఇంకో మూతి బండి ముందుభాగంలోని జాలీ వెనక ఉండాలి. బయటి చల్లగాలి ఆ దారినే లోపలికి రావాలి. అది లేకుండా ఫిల్టరు ఒక్కటే పెడితే ఇంజను తన పక్కనున్న వేడిగాలినే పీలుస్తుంది. వేడిగాలి పలచగా ఉంటుంది, దాంతో ఉన్న లాగుడు కూడా పోతుంది. అలాగని పైపు మూతి మరీ కిందికి పెట్టకు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళు పీల్చిందంటే ఇంజను ఇక లేవదు.

పాత డబ్బా పారెయ్యకు. అటక మీద పెట్టు.

అక్క రాసింది చదివాను. రావాలనే ఉంది. ఇక్కడ ఇద్దరు మానేశారు, వాళ్ళ పని కూడా నా నెత్తినే పడింది. సాయంత్రం ఇంటికొచ్చాక చేతులు కడుక్కోవడానికే బద్ధకం. అయినా ఒక్కటి అడుగుతాను, అక్క పిలిస్తే పలుకు బావా. కోపం నామీద కదా, నామీదే ఉంచు.

పానా

*

మార్చి 8

చి. పానాకు,

ఆశీస్సులు. నీ చేతికి దండం పెట్టాలిరా.

ఫిల్టరు బిగించాను. మొదటిరోజే కల్వర్టు మలుపు దగ్గర బండి అడిగింది. పాత రోజుల్లో లాగే అడిగింది. రెండోది వేశాను, అంతే, పైకి లేచిపోయింది. అప్పటినుంచీ ఒక్కరోజు ఆలస్యం లేదు. డ్యూటీ మారే టైముకు ముందే వెళ్ళి గేటు దగ్గర ఆగుతున్నాం. సూపరింటెండెంటమ్మ కిటికీలోంచి చూసి తలూపింది. వ్యాను అతను కూడా చూశాడు, వాడు మాత్రం ఊపలేదు.

ఆ నల్ల పైపు బ్యాటరీ వెనకనుంచి దూరలేదు. రెండుసార్లు తోసి చూసి విసుగొచ్చి షెల్ఫు మీద పడేశాను. అది లేకుండానే బండి ఇంత బాగుంటే ఇక దాంతో పనేముంది? మీ అక్క దాన్ని కడిగి, పెరట్లో మొక్కలకు నీళ్ళు పెట్టుకుంటోంది.

చాలా కాలానికి హాయిగా ఉంది. అలసట పోయిందని అనను, అది వయసుతో వచ్చింది, వయసుతోనే ఉంటుంది. కానీ పొద్దున్నే లేవబుద్ధవుతోంది.

నీ బావ

తమ్ముడూ, నువ్వు పంపింది ఫిల్టరా, పిండి మరా? బండిలో ఒకరి మాట ఒకరికి వినపడదు. నర్సులు చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోతున్నారు, నాకూ కాస్త దూది ఇచ్చారు. ఈయనను అడిగితే "ఏం చప్పుడు, సరిగ్గా సరిపోయింది" అంటున్నాడు. బండిలో ఉన్నంతసేపూ నవ్వుముఖం. ఇంటికొస్తే మళ్ళీ ఆ మూగనోమే. అక్క.

*

మార్చి 19

బావకు,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

పైపు లేకుండా ఫిల్టరు పెట్టావని చదివాక నాకు పని మీద మనసు నిలవలేదు. ఇలాంటివి ఎన్నో బిగించాను, నాకు తెలుసు. అలా పెడితే నీ ఇంజను వేడిగాలి పీలుస్తుంది. నెమ్మదిగా కొండెక్కే బండిలో అది ఇంకా ఎక్కువ. లాగుడు ముందుకంటే తగ్గాలి. పెరగడానికి వీల్లేదు. నువ్వేమో ముందే చేరుతున్నానంటున్నావు. నువ్వు అబద్ధం రాయవు, అక్క అస్సలు రాయదు.

అందుకని పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. బండి మూలగడం మానేసిందని రాశావు. మెకానిక్కు నడిపితే ఏ రోగమూ లేదు. చప్పుడు ఎంత పెరిగినా ఫర్వాలేదన్నావు. ఫోనులో నేను ఒకటి అడిగితే నువ్వు ఒకటి చెప్తావు. వంటింట్లోంచి అక్క పిలిస్తే పలకవు.

బండికి ఎప్పుడూ ఏమీ కాలేదు బావా. అది రోజూ అడుగుతూనే ఉంది. నీకే వినపడలేదు. మూలుగు వినపడక మూడో గేరులోనే ఉంచేస్తే ఏ బండైనా కూలబడుతుంది. ఇప్పుడు నేను పంపిన చప్పుడుకు నీకు మళ్ళీ తెలుస్తోంది, సరైన చోట గేరు మారుస్తున్నావు. బలం పెరిగింది ఇంజనుకు కాదు.

ఆ జ్వరం తర్వాతే మొదలైందా? నేను వచ్చి ఉంటే అప్పుడే కనిపెట్టేవాణ్ణేమో. నేను నీ కోపం గురించి దిగులుపడుతూ కూర్చున్నాను.

చెవులు చూపించుకో. చూపించుకునేదాకా కొండ ఎక్కకు. దీంతోపాటు ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే ముల్లు డయలు పంపుతున్నాను. అది స్టీరింగు పక్కన పెట్టుకుంటే చెవితో పనిలేకుండా కంటితో చూసి గేరు మార్చొచ్చు. నిన్ను చిన్నబుచ్చాలని రాయలేదు. నాకు భయమేసి రాశాను.

పానా

*

మార్చి 27

పానాకు,

బండి గురించి సలహా అడిగితే నా చెవుల గురించి రాశావు. బాగుంది.

నువ్వు పానా పట్టకముందునుంచీ నేను స్టీరింగు పట్టాను. ఒక్క మనిషికి గీత పడలేదు. ముల్లు చూసి గేరు మార్చే ఖర్మ నాకు పట్టలేదు. నీ డయలు పెట్టె విప్పకుండానే ఉంది, వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

కాంట్రాక్టు కాగితం ఏప్రిల్ రెండో వారంలో రాస్తారు. ఇప్పుడు నువ్వు ఈ మాట ఎవరి చెవినైనా వేశావంటే నా నోట్లో మట్టి కొట్టినట్టే. మీ అక్కకు కూడా చెప్పొద్దు. ఆవిడకు ఉత్తరం చూపించలేదు.

బావ

*

ఏప్రిల్ 5

బావకు,

అక్కకు చెప్పను. నీ మాట ఇంతవరకు ఎప్పుడూ దాటలేదు.

కానీ ఒక్క సంగతి ఆలోచించు. నేను పంపిన చప్పుడు నీకు ఇంజనును వినిపిస్తోంది, సరే. మిగతా అన్నింటినీ అదే కప్పేస్తోంది. వెనక వచ్చేవాళ్ళ హారను నీకు ఇదివరకు కొంచెమైనా వినపడేదేమో, ఇప్పుడు అదీ వినపడదు. పక్కన కూర్చున్నవాళ్ళు చెప్తారా అంటే వాళ్ళ చెవుల్లో దూది. అదీ నా వల్లే. కుర్రాళ్ళ కార్లకు ఇలాంటివి బిగించి పంపేటప్పుడు ఎప్పుడూ ఇంత బెంగ పడలేదు. వాళ్ళెవరూ నా బావ కాదు, వాళ్ళ పక్కన మా అక్క కూర్చోదు.

పాత డబ్బా అటక మీద ఉంది కదా. పెట్టెయ్యి. నన్ను ఎన్ని మాటలైనా అను. నెలాఖరుకు సెలవు అడిగాను. ఇవ్వకపోతే ఉద్యోగం మానేసి వస్తాను. నాకూ ఇక్కడ ఓపిక అయిపోయింది.

పానా

*

ఏప్రిల్ 22

చి. పానాకు,

ఆశీస్సులు. ఉద్యోగం మానకు. నేను మానేశాను, ఇంట్లో ఒక్కడు చాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు చదివి జేబులో పెట్టుకున్నాను. డబ్బా దించలేదు. కాగితం మీద సంతకం అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. సంతకం అయింది కూడా. ఆ మర్నాడే జరిగింది.

సన్నగా వాన పడుతోంది. అద్దాలన్నీ ఎత్తేశాం. వెనక అద్దం ఆవిరి పట్టి ఏమీ కనపడటం లేదు. నర్సులు నిద్రపోతున్నారు, మీ అక్క కూడా కునుకు తీస్తోంది. బండి గొంతు వింటూ కల్వర్టు మలుపు బ్రహ్మాండంగా ఎక్కించాను. ఆసుపత్రి గేటు దగ్గర ఆపగానే ఒకడు పరుగున వచ్చి నా అద్దం మీద గుద్దాడు. అంబులెన్సు డ్రైవరు, మనకు పాత పరిచయమే. కొండ కింద నుంచీ నా వెనకే ఉన్నాడట. సైరనూ హారనూ కొట్టుకుంటూ వచ్చాడట. లోపల పురుడు కష్టమైన ఆడమనిషి. ఆ రోడ్డులో నేను పక్కకు తప్పుకుంటే తప్ప వాడికి దారి లేదు.

అద్దం దించాను. వాడి నోరు కదులుతోంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నేను ఈమధ్య అలవాటు చేసుకున్న పనే చేశాను. నోరు చూసి, ఏమడిగి ఉంటాడో ఊహించి జవాబు చెప్పాను. "ఆ, ఇంట్లో అందరూ బాగున్నారు" అన్నాను.

వాడు అడిగింది, "నీకు కళ్ళు నెత్తికెక్కాయా" అని. మీ అక్క తర్వాత చెప్పింది.

వాడు నోరు మూసుకుని నావైపు అలాగే చూశాడు. కోపం దిగిపోయింది వాడి ముఖంలో. అది నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. ఇటు తిరిగితే మీ అక్క చెవుల్లోంచి దూది తీసి పట్టుకుని నన్నే చూస్తోంది. ఇన్ని నెలల మూగనోమూ ఆవిడకు ఆ ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. ఏడ్చింది. నేను తాళం తీసి జేబులో వేసుకున్నాను. అంత సిగ్గు నాకు జన్మలో వెయ్యలేదు.

తల్లీ బిడ్డా క్షేమం. డాక్టర్లు బాగా చూశారు. అందులో నా గొప్పేమీ లేదు.

ఆ రోజే సూపరింటెండెంటమ్మ దగ్గరికి వెళ్ళి నేనే చెప్పేశాను. ఆవిడ ఏదో ఓదార్పుగా అంది, సగం తెలిసింది. ట్రిప్పు వ్యాను అతనికి వెళ్ళింది. వాడు రోడ్డు గురించి అడగడానికి ఇంటికొస్తే అన్నీ చెప్పాను, కల్వర్టు మలుపుతో సహా.

చెవుల డాక్టరు చూశాడు. జ్వరం వల్లో, వయసు వల్లో, ఇంజను పక్కన గడిపిన ఏళ్ళ వల్లో చెప్పలేమన్నాడు. మిషను పెట్టుకుంటే కొంత మెరుగట, పాత వినికిడి మాత్రం రాదట. నీకు ముందే తెలిసిన సంగతి నేను అందరికంటే ఆఖర్న ఒప్పుకున్నాను.

నువ్వు రాసినట్టే ఫిల్టరు తీసేసి పాత డబ్బా బిగించాను. ఆ పిల్ల మెకానిక్కును పిలిచాను. ఈసారి అదోలా చూడలేదు. బండి నడుస్తోందో ఆగిందో నాకు మళ్ళీ తెలియడం మానేసింది. పోనీలే.

ఒక విశేషం. మీ అక్క డ్రైవింగు నేర్చుకుంటోంది. వ్యానులో చోటు లేదట, వంటింటికి రోజూ ఎలా వెళ్ళేది అని తనే అడిగింది. మోకాలు క్లచ్చు తొక్కనిస్తుందా అంటే, ఇన్నేళ్ళు నిన్ను భరించింది, క్లచ్చు ఒక లెక్కా అంది. పక్కన నేను కూర్చుంటాను. గేరు కర్ర మీద ఆవిడ చెయ్యి, దాని మీద నా చెయ్యి. మొన్న ఆదివారం కొండ మీదికి తీసుకెళ్ళాను. కల్వర్టు మలుపు దగ్గర కర్ర వణకడం నా చేతికి తెలిసింది. నేను చెప్పేలోపే ఆవిడ నావైపు తిరిగి, నోరు పెద్దగా తెరిచి, "అడుగుతోంది" అంది. వెయ్యమన్నాను. రెండోది వేసింది. బండి ఎక్కింది.

నువ్వు నెలాఖరుకు రా. ఆ డయలు పెట్టె విప్పి మీ అక్కకు బిగించి వెళ్ళు.

వెళ్ళాక మాత్రం ఉత్తరాలు మానకు. విషయం తెలిసినప్పటినుంచీ అందరూ నాతో అరిచి మాట్లాడుతున్నారు. నర్సులు అరుస్తారు, పాలవాడు అరుస్తాడు, మీ అక్క కూడా అరుస్తోంది, పాపం గొంతు బొంగురుపోయింది. ఎవరినీ ఏమీ అనలేను. నీ ఉత్తరం చదువుతుంటే మాత్రం నీ గొంతు ఎప్పటిలాగే వినపడుతుంది. నువ్వొక్కడివే నాతో ఇంకా మెల్లగా మాట్లాడుతున్నావు.

నీ బావ